చేతివిద్యకు పట్టమేల?

కాలేజీని మనము కళాశాల యని పిలుచుచున్నాము. యూనివర్సిటీకి విశ్వకళాపరిషత్తని పేరు పెట్టుకొంటిమి. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు నేటికిని ఆ పేరు చెల్లుచున్నది. చదువు చెప్పు చోటులకు ఇంత నిండుగా కళ పేరు పెట్టుకొన్న మన యిండ్లలో, పదునెనిమిదేండ్ల పిల్లవాడు గాని పిల్ల గాని "నేను కళాశాలకు పోయి కళనే చదివెదను" అని పలికిన నాడు ఉరుము లేని పిడుగు పడినట్లగును. లెక్కలు చదివినను కళాశాలయే, వర్తకశాస్త్రము చదివినను కళాశాలయే, యంత్రశాస్త్రము చదివినను కళాశాలయే. చిత్తరువు వ్రాయుట నేర్చుటకు మాత్రము కళాశాల తగదట! ఈ విపరీతము నవ్వుకొనుటకు బాగుగనే యున్నది గాని దీని క్రింద నొక ధర్మసందేహము దాగియున్నది. చిత్రలేఖనము, శిల్పము మొదలగు చేతివిద్యలను నాలుగేండ్లు కళాశాలలో నభ్యసించి పట్టము పొందుట యుక్తమా? యుక్తమైనచో ఎవరికి యుక్తము? దాని వెల యెంత, ఆ వెలను చెల్లించువా రెవరు? ఈ ప్రశ్నలను చదువరులతో గూడి విచారింపవలెనని నా కోరిక.

ఇట్టి కోరికను వినిన పెద్దలు సాధారణముగా మూడు ప్రశ్నలు వేయుదురు. ఈ విద్య అన్నము పెట్టునా యనునది మొదటిది. కళ పుట్టుకతో రావలెను గాని పట్టముతో వచ్చునా యనునది రెండవది. నీ ముచ్చటకై నీవు పోయిన ఇంటి గతి యేమి యనునది మూడవది. సంస్కరణాభిమానులలో కొందరు ఈ ప్రశ్నలను మూఢత్వమని త్రోసివేసి, మనసైన విద్యయే విద్య యని పిల్లలను ప్రోత్సహింతురు. నే నట్లు త్రోసివేయజాలను. ఈ ప్రశ్నలు వేయువారు లోభులు కారు, కళాద్వేషులును కారు. వారిలో పెక్కురు జీవితమంతయు చేతితో పనిచేసి బ్రదికినవారు. వారికి సమాధానము చెప్పలేని సంస్కారము గ్రంథములకు పరిమితమైపోవును.

ఈ విచారమునకు ఉప్పాడకంటె తగిన చోటు నాకు తెలియదు. బంగాళాఖాతపు టొడ్డున, పిఠాపురమునకును కాకినాడకును చేరువగా నున్న ఈ గ్రామము 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిదై, పిదప కాకినాడ జిల్లాలో చేరినది. ఊరి కొక ప్రక్క సముద్రము నేలను కోసికొనుచున్నది. తాతలనాటి యిండ్లు నిలిచిన చోట నేడు అలలు పొరలుచున్నవి. మరియొక ప్రక్క మగ్గములు. ఇచ్చటి జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నేతలోని విశేష మెరుగనివారికై రెండు మాటలు చెప్పవలెను. జాందానీ పువ్వును బట్టపై కుట్టరు, అద్దరు. పడుగు దారములను ఎంచుకొని, వాని నడుమ చిన్న చిన్న కండెలనుండి అదనపు పేకను చేతితో దూర్చుచు, వరుస వెంబడి వరుసగా పువ్వును పెంచుదురు. చీరను తిరుగవేసి చూచినను పువ్వు రెండు ప్రక్కల నొక్క తీరుగనే యుండును. వెనుక వ్రేలాడు దారము కానరాదు. నిండు పనితనము గల చీరకు ఇద్దరు ప్రక్కప్రక్కల కూర్చుండి వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు నేయుదురు. ఒకరి చేయి తప్పిన రెండవవారి పనియు నిలిచిపోవును.

ఆ ఊరి నేతకాని కుమార్తె యొకతె ఇంటరుమీడియటు ముగించి, విశాఖపట్టణమునకు పోయి బి. ఎఫ్. ఏ. చదివెదనని ఇంటిలో చెప్పినది. ఆమె నా శిష్యురాలు గావున తల్లిదండ్రులు ఆలోచన యడుగవచ్చిరి. ఆ పిల్ల గీసిన బొమ్మలను వారు నిందింపలేదు. తండ్రి యిట్లనెను: "చిన్నప్పటినుంచీ దాని చెయ్యి మగ్గం మీద నడిచిందండి మాష్టారూ. చెయ్యికి అక్కడ ఇంకా ఏం నేర్పుతారండి?" తల్లి యింకొక్క మాట యనినది: "నా పక్కన కూచునే మనిషి వెళ్ళిపోతే మగ్గం ఎలా నడుస్తుందండి?" పండితులు వ్రాసిన కళామీమాంసలను కొన్నిటిని చదివితిని గాని, ఇంత సూటియైన ప్రశ్నలు వానిలో నాకు కానరాలేదు. కావున ఈ వ్యాసము ఆ యిద్దరి ప్రశ్నలకు సమాధానముగా వ్రాయుచున్నాను. అయినను ముందుగా, లోకులందరు వేయు మొదటి ప్రశ్నను చూతము.

అన్నము పెట్టునా? ఈ ప్రశ్న వినగానే సంస్కృతజ్ఞులు కాళిదాసుని తలచుకొందురు. మాళవికాగ్నిమిత్రమున గణదాసుడను నాట్యాచార్యుడు, ఎవని విద్య కేవలము జీవికకే యగునో వానిని జ్ఞానమును సరకుగా నమ్ముకొను వర్తకు డందురని పలుకును. ఈ సగము మాటను చూపి, కళ నభ్యసించువాడు కూటి మాట యెత్తరాదని నీతులు చెప్పువారు కలరు. ఆ మాట తక్కిన సగము కూడ చదువవలెను. పదవి దొరికినదిగదా యని వాదమునకు వెరచి, ఎదుటివాని నిందను సహించి యూరకుండువానిని గూర్చి గణదాసుడు చెప్పిన మాట యది. సంపాదించుట తప్పని అత డనలేదు. పరీక్షకు భయపడుట తప్పనెను. పైగా ఆ మాట పలికినవాడు రాజాశ్రయమున జీతము గైకొనుచున్న యాచార్యుడు. నెలనెలా జీతము వచ్చు మనవంటివారు, కూటికి మగ్గమే ఆధారమైన యింటికి పోయి "కళ కూటికొరకు కాదు" అని చెప్పుట ధర్మము కాదు.

కావున లోకములోని సంగతిని ఉన్నదున్నట్లు చెప్పవలెను. బి. ఎఫ్. ఏ. చదివినవారికి తలుపులు లేకపోలేదు. పుస్తకములకును పత్రికలకును బొమ్మలు వేయుదురు. ప్రకటనల పనిలోను, చలనచిత్రముల కళాశాఖలోను, కంప్యూటరుపై బొమ్మలు కదలించు పనిలోను చేరుదురు. బట్టల నమూనాలు గీయుదురు. బడులలో చిత్రలేఖనము నేర్పుదురు. తన చిత్రములను తాను అమ్ముకొని బ్రదుకువారు కొలదిమంది. ఆ కొలదిమందియు పేరు వచ్చువరకు పెక్కేండ్లు ఇబ్బంది పడినవారే. ఇంజనీరింగు పట్టము చేతబట్టుకొని పనిలేక తిరుగువారును మన యూళ్ళలో లేకపోలేదు గాని, వారిని చూచి ఇంజనీరింగు అన్నము పెట్టదని యెవ్వరును తీర్మానింపరు. ఆ పిల్లవానికి అదృష్టము లేదందురు. చిత్రకారుడు పస్తున్నచో మాత్రము తప్పు చిత్రకళది యగుచున్నది.

ఇంతకును, కళ అన్నము పెట్టదు అను వాక్యమును కొంచెము పరిశీలింపుడు. వడ్డించువా రెవరు? పెండ్లి పందిరికి, విందుకు, ఛాయాచిత్రములకు లక్షలు వ్యయించు కుటుంబము, అదే యింటి గోడకు ఒక చిత్రమును కొనదలచిన నాడు, దుకాణమువారు ఉచితముగా నిచ్చిన క్యాలెండరును మేకునకు తగిలించి తృప్తిపడును. జాందానీ చీర వెల విని "ఇంతయా?" యని బేరమాడి, మరమగ్గముపై అచ్చు వేసిన నకలును కొనివచ్చి "ఉప్పాడ చీరయే" యని పొరుగువారికి చూపును. తరువాత ఆ యింటివారే పిల్లలకు కళ అన్నము పెట్టదని బోధింతురు. ఇది ప్రకృతి నియమము కాదు. మన చేతులతో మనము చేయుచున్న పని. అన్నము పెట్టునా యని యడుగువారును, వడ్డింపవలసినవారును ఒక్కరే యైనప్పుడు ఆ ప్రశ్నను పిల్లకు మాత్రమే వేసి యూరకుండుట న్యాయమగునా?

ఇక రెండవ ప్రశ్న. కళ పట్టముతో వచ్చునా? రాదని నేను వెంటనే యొప్పుకొందును. తెలుగువారి కన్నులలో నిలిచిపోయిన గీత బాపుగారిది. నరసాపురమున 1933లో పుట్టిన ఆ మహాశయుడు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమున పొందినది న్యాయశాస్త్ర పట్టము. చందమామ ముఖచిత్రములతో ఇంటింటి పిల్లలకు పురాణలోకమును చూపిన వడ్డాది పాపయ్యగారు (1921–1992) తండ్రియొద్ద చిత్రలేఖనము నేర్చినవారు. ఉప్పాడలో నెన్ని వేళ్ళు జాందానీ పువ్వును దారముతో పూయించుచున్నవో వానిలో నొక్కదానికిని పట్టము లేదు. అయినచో కళాశాల యెందులకు?

పట్టము లేకుండ నేర్చినవారు గురువు లేకుండ నేర్చినవారు కారు. పాపయ్యగారికి తండ్రి కలడు. నేతకాని బిడ్డకు తల్లి యొడియే పాఠశాల. ఇంటనే గురువున్నవానికి కళాశాలతో నంత పనిలేదు. ఇంట ఒక విద్యకు గురువుండి, తాను కోరిన విద్యకు లేనివారి సంగతి యేమి? కమ్మరి యింట పుట్టినది గాన కమ్మరమే, నేతయింట పుట్టినది గాన నేతయే యనుట కులవృత్తి నియమమును మరియొక పేరుతో నిలుపుటయే గదా! పుట్టిన యింట దొరకని గురువును, కోరిన విద్యకు, కులమును అడుగక చూపుటకై ఏర్పడిన చోటు కళాశాల. అది తన పని నెంతవరకు నెరవేర్చుచున్నదో వేరు ప్రశ్న. ఏర్పాటు మాత్రము ఇందులకే.

అక్కడ నేర్పున దేమనగా: మొదటి యేట అన్నిటికిని పునాది వేయుదురు. ఎదుట కూర్చున్న మనిషిని చూచి గీయుట, మట్టితో ఆకారము చేయుట, రంగుల సంబంధమును గుర్తించుట, చెక్కపైనను లోహపు రేకుపైనను చెక్కి కాగితముపై ముద్ర దీయుట మున్నగునవి అందులోనివి. తరువాత చిత్రలేఖనమో, శిల్పమో, ముద్రణచిత్రమో, ప్రకటనకళయో ఒకదానిని ప్రధానముగా గ్రహింతురు. దానితో పాటు అజంతానుండి ఐరోపా దేశముల వరకు గల కళాచరిత్రయు చదువవలెను. ఇన్ని విద్యలు ఒక్కచోట నెందులకని యడుగువారికి విష్ణుధర్మోత్తరము ఏనాడో సమాధానము చెప్పినది. ప్రతిమ చేయుట నేర్పుమని వజ్రుడను రాజు మార్కండేయుని ప్రార్థించును. చిత్రము తెలియక ప్రతిమ తెలియదనును ముని. నృత్తము తెలియక చిత్రము తెలియదు. వాద్యము లేక నృత్తము, గీతము లేక వాద్యము తెలియవు. ఒక చేతిపని తనకు తాను చాలదనియు, దాని చుట్టునున్న విద్యలతో కలిసిననే దాని కన్ను తెరచుకొనుననియు నా సంవాదము తాత్పర్యము. వజ్రుడు కోరినది ఒక్క ప్రతిమ. ముని చూపినది కళాశాల.

వీని యన్నిటికంటె ముఖ్యమైన శిక్షణ మరియొకటి కలదు. చేసిన పనిని గోడకు తగిలించి, తాను ప్రక్కన నిలిచి, ఆచార్యులును సహాధ్యాయులును అడుగు ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలెను. ఈ గీత యిట్లు వంగుటకు కారణమేమి? ఈ యెరుపు ఇక్కడ నెందులకు? ఈ భాగము నకలుగా నున్నదేమి? బంధువులు "బాగున్నది" యందురు. గిట్టనివారు "బాగులేదు" అందురు. ఎందుచేత బాగున్నదో, ఎందుచేత లేదో చెప్పువాడు దుర్లభుడు. ఆ మాళవికాగ్నిమిత్రముననే రాజు, చిత్రములోని మాళవికకును ఎదుట నిలిచిన మాళవికకును భేదము చూచి, వ్రాసినవాని సమాధి సడలినదని తలచును. చేతి నేర్పు తగ్గినదని యనలేదు. మనస్సు నిలుకడ తప్పినదనెను. సడలిన సమాధిని సడలినదని గుర్తింపనేర్చుటకే నాలుగేండ్లు పట్టును. గణదాసుడు చెప్పినట్లు వాదమునకు వెరవని విద్య యిదియే. పట్టపు కాగితము దీనికి గుర్తు మాత్రమే. ఈ శిక్షణము లేక కాగితము వచ్చినచో అది గోడకు తగిలించిన క్యాలెండరుతో సమానము.

ఇప్పుడు తండ్రి యడిగిన ప్రశ్నకు వత్తము. చేయికి అక్కడ ఇంకేమి నేర్పుదురు? నిజమునకు చేయికి నేర్పవలసినది స్వల్పము. ఆమె వ్రేళ్ళకు తెలిసిన నిదానము కళాశాలలోని పెక్కుమంది విద్యార్థులకు రాబోదు. అయితే జాందానీ పువ్వు గ్రాఫు కాగితముపై పుట్టి మగ్గమునకు వచ్చును. చాలచోట్ల గీసినవా డొకడు, నేసినవా డొకడు. గీసినవానికి పేరు, నేసినవానికి కూలి. పువ్వు ఎంతటిది కావలెనో, అంచునకును కొంగునకును ఏమి పొంతన యుండవలెనో, పాత నమూనాలో ఏది నిలుపవలెనో ఏది విడువవలెనో నిర్ణయించు నధికారము, ఏండ్ల తరబడి దారముతో మాటలాడిన చేతికి లేదు. దారము నెన్నడు ముట్టని మరియొకరికి కలదు. కావున ఆ తండ్రికి నేను చెప్పిన సమాధాన మిది: ఆమె పోవుచున్నది చేయికి పని నేర్పుటకు కాదు, తన చేయి యేమి చేయవలెనో తాను నిర్ణయించు నధికారమును సంపాదించుటకు. కూలి చేతిని కర్త చేతిగా మార్చుటకు పట్టమొక్కటే దారి యని నే నన్లేదు. మన సంఘమునందు పట్టము లేనివాని మాట గదిలోనికి పోక గుమ్మముకడనే నిలిచిపోవుచున్నది గనుక, ఆ గుమ్మము దాటుటకు అది నేడు అవసరమైన సాధనము.

ఈ గుమ్మము నిన్న కట్టినది కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో చిత్రలేఖనమును, సూదిపనియు, వడ్రంగమును ఒకే పంక్తిలో నున్నవి. ఉత్తమమని అధమమని వాని నడుమ గీత లేదు. మనుస్మృతి మాటకు వచ్చినచో, పనివాని చేయి నిత్యశుద్ధమని ఒకచోట నున్నది; పనివాని యన్నము తినరాదని మరియొకచోట నున్నది. చేయి శుద్ధము, అన్నము నిషిద్ధము! ఆ చేయి చేసినది మనకు కావలెను, ఆ చేతివాడు మన పంక్తిలో కూర్చుండరాదు. స్మృతి పోయినను ఈ బుద్ధి పోలేదు. చీరను గౌరవించి నేతగానిని మరచుట, చిత్రమును మెచ్చి చిత్రకారునికి పిల్ల నిచ్చుటకు సందేహించుట దాని రూపాంతరములే.

పాశ్చాత్యులు మన దేశమున స్థాపించిన కళాపాఠశాలలును ఈ చీలికను పూడ్చలేదు. మద్రాసులో 1850లో అలెగ్జాండర్ హంటర్ ప్రారంభించిన పాఠశాలయు, బొంబాయిలో 1857లో జంషెట్జీ జీజీభాయి దానముతో వెలసిన పాఠశాలయు దేశీయుల చేతిపనులను వృద్ధి చేయుటకని మొదలైనవి. గ్రీకు విగ్రహముల సున్నపు పోతలను ఎదుట నుంచుకొని గీయుట అక్కడి చదువులో పెద్ద భాగమైనది. నేతవాని బిడ్డ అక్కడికి పోయినను, మగ్గమును చూచి సిగ్గుపడుట నేర్చుకొని వచ్చు ప్రమాద ముండెను. ఆ ప్రమాదము నేటికిని పూర్తిగా తొలగలేదు. ఇంటి పనిని "క్రాఫ్టు" అనియు బడి పనిని "ఆర్టు" అనియు విడదీసి చూపు కళాశాల, పట్టమిచ్చి మనిషిని అపహరించినదగును.

అయినను దూరముపోయి చదివి ఇంటికి వచ్చినవారు మనకు లేకపోలేదు. వారిలో మొదట తలపవలసినవాడు గోదావరి యొడ్డువాడే. దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. అచ్చటి ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలగు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా చిత్రకారుడు. బాలుని నేర్పును కనిపెట్టి ప్రోత్సహించెను. ఆర్ట్సు కాలేజీ యను పేరు గల చోట చిత్రకళ చెప్పువారు లేనందున, దాని ప్రిన్సిపాలే బాలుని బొంబాయికి పంపవలసివచ్చినది! 1916నుండి 1920 వరకు జీజీభాయి కళాపాఠశాలలో చదివిన రామారావు, నేర్చిన శరీరనిర్మాణ జ్ఞానముతో తెలుగు స్త్రీల నడకను, గోదావరి కొండల వెలుతురును, నందిపూజను, పుష్పాలంకరణమును చిత్రించెను. కొలది యేండ్లలోనే తన ఊర చిత్రకళాశాలను స్థాపించి, తనవలె బొంబాయికి పోజాలనివారికి నేర్పసాగెను. 1925లో మశూచి సోకి, ఇరువదియెనిమిదేండ్లు నిండకుండనే పరమపదించెను. మిత్రుడగు వరద వెంకటరత్నము ఆ పాఠశాలను నిలిపెను. రామారావు భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రములు వ్రాసినవారు. ఒకని చదువు ఒక యింటి చదువై, పిదప ఒక ఊరి చదువైనది. మన కాలమున తోట వైకుంఠముగారును అట్లే. కరీంనగరు ప్రాంతపు పల్లెనుండి హైదరాబాదు లలితకళాశాలకును, అచ్చటినుండి బరోడాకును పోయి చదివి, తుదకు చిత్రించినది తాను పుట్టిన తెలంగాణపు పల్లె స్త్రీలను, వారి నుదుటి బొట్టును, చీర రంగును. దూరము పోయినందుననే వారికి ఇల్లు కనబడినది. రస్కిను 1871లో ఆక్స్‌ఫర్డులో చిత్రలేఖన పాఠశాలను పెట్టినప్పుడు చిత్రకారులను తయారుచేయుట కంటె చూడనేర్పుటనే ముఖ్యముగా నెంచెను. చూచుటయు నొక విద్యయే. రోజును చూచుచున్నదానిని చూచుట అందులో కష్టతరమైన పాఠము.

ఇక మూడవ ప్రశ్న మిగిలినది. అది తల్లి ప్రశ్న. ప్రక్కన కూర్చుండు మనిషి పోయిన మగ్గము నడచు టెట్లు? దీనికి కళామీమాంసలో సమాధానము లేదు. నాలుగేండ్లు ఒక పీట ఖాళీయగును. నెలకు రావలసిన చీర రెండు నెలలకు వచ్చును. ఈ నష్టము నిజమైనది. పిల్ల పురోగమించుచున్నదని హర్షించు మనము ఆ నష్టమును చూడనట్లు నటించినచో, మన సంస్కరణము తల్లి వెన్నెముకపై కట్టిన మేడ యగును.

వారింట పెద్దకుమారుడు కాకినాడలో ఇంజనీరింగు చదివినవాడు. బ్యాంకు అప్పు తెచ్చి చదివించిరి. అతడును బాల్యమున మగ్గమున కూర్చున్నవాడే. "అబ్బాయి వెళ్ళిననాడు ఆ పీట ఖాళీ కాలేదా?" యని నేనడిగితిని. "అది వేరండి" అనెను తండ్రి. తల్లి కొంత తడవు మాటలాడక, పిదప మెల్లగా, "కాకేమండి, రాత్రిళ్ళు నేనే కూచున్నాను" అనినది. ఆ మాటతో నా కీ ప్రశ్నయొక్క నిజస్వరూపము కనబడినది. కుమారుని చదువునకును ఇల్లు వెల చెల్లించినది. అప్పు పత్రములో బ్యాంకు వంతు వ్రాయబడినది. తల్లి నిద్ర వ్రాయబడలేదు. కుమార్తె చదువు మాట వచ్చునప్పటికి మాత్రమే ఆ లెక్క బయటికి తీసిరి. పీట ఖాళీయగుట దోషమైనచో ఇద్దరి విషయమునను దోషమే. కాకున్నచో ఇద్దరి విషయమునను కాదు. ఇంజనీరింగునకు సహించిన త్యాగమును చిత్రకళకు సహింపలేమనుట త్యాగమును గూర్చిన విచారము కాదు. ఏ విద్యకు, ఏ బిడ్డకు గౌరవమున్నదో చెప్పు విచారము.

అందుచేత నా యాలోచన యిట్లు చెప్పితిని. పిల్ల పోవలెను. ఆమె పీటను తల్లి రాత్రులతో నింపరాదు. ఉద్యోగము చేయుచున్న అన్న పంపు సొమ్ములో కొంత భాగముతో జోడు మనిషికి కూలి యిచ్చి మగ్గమును నడుపవలెను. ఆ పీట విడిచి ముందుగా పోయినవాడు అతడే గనుక ఇది దానము కాదు, బాకీ తీర్చుట. సెలవులలో పిల్ల వచ్చి మగ్గమున కూర్చుండవలెను. ఇది శిక్షగా కాదు; కళాశాలలో తెరచుకొన్న కన్నుతో తల్లి పనిని మరల చూచుటకు. నిర్ణయము వారిది, ఇంటివారికి బదులుగా నిర్ణయించు నధికారము ఉపాధ్యాయునికి లేదు.

చిత్రకళకు పట్టము కోరు విద్యార్థులకు నేను చెప్పదగిన దొక్కటి. పట్టము నీ ప్రతిభకు రాజముద్ర యని తలపకుము. ఉద్యోగమునకు హామీ యనియు తలపకుము. నాలుగేండ్లపాటు నీ పనిని గోడకు తగిలించి వాదమునకు నిలువగలనను ధైర్యమున్ననే పొమ్ము. తిరిగి వచ్చినప్పుడు గ్రాఫు కాగితము నీ చేతిలో నుండును. మగ్గము మరియొకరి చేతిలో నుండును. నిన్నటివరకు నీ తల్లికి దక్కనిది, నీ నమూనాను నేసినవారికి దక్కుచున్నదా యని నిన్ను నీవు ప్రశ్నించుకొనవలెను. చీరపై గీసినవారి పేరుతో పాటు నేసినవారి పేరును ఉండవలెనని పట్టుబట్టగలిగిన నాడు నీ పట్టము సార్థకము. లేనిచో కూలివారి యింటినుండి మరియొక యజమానురాలు బయలుదేరినదని మాత్రమే లోకము చెప్పుకొనును.

తల్లిదండ్రులకు నా మనవి యిది. ఆస్తి యనగా స్థలము, ఇల్లు, ఉద్యోగము అని మనము లెక్కించుచున్నాము. ఉప్పాడవారి యెదుట ఆ లెక్కను సముద్రము కొట్టివేసినది. ఇల్లు పోయినవారు చేతిలోని విద్యతో మరియొక చోట మగ్గము పాతుకొనిరి. బిడ్డ చేతికి కన్ను నిచ్చు చదువును, నీట పోని యాస్తిగా నెంచుడు. వెల మాత్రము ముందుగా లెక్కించుకొనుడు. ఆ వెల ఇంటిలో మాటలాడని మనిషిమీద పడకుండ చూచుకొనుడు.

ఇక చదువరులమైన మనవంతు. కళాశాలలు ఏటేటా పట్టభద్రులను పంపుచునే యుండును. వారు బ్రదుకుట, బ్రదుకక వేరు పనులకు పోవుట మన యిండ్ల గోడలమీదను, మన బీరువాలలోని బట్టలమీదను ఆధారపడియున్నది. సంవత్సరమునకు ఒక్క చిత్రము, చేతగాకున్న ఒక ముద్రణచిత్రము, సజీవుడైన ఒక చిత్రకారునియొద్ద వెల యిచ్చి కొనుట మధ్యతరగతి కుటుంబములకు అసాధ్యము కాదు. చీర కొనునప్పుడు వెలతో పాటు నేసినవారి పేరును అడుగుట కేమియు వ్యయము కాదు. ఊరి బడిలో చిత్రలేఖనపు గంటను లెక్కల కిచ్చివేయవలదని ప్రధానోపాధ్యాయునికి ఒక్క మాట చెప్పుటయు సాధ్యమే. ఈ చిన్న పనులు చేయనంతకాలము, కళ అన్నము పెట్టునా యని పిల్లలను అడుగుటకు మనకు హక్కు లేదు. వడ్డింపవలసిన గరిటె మన చేతిలోనే యున్నది.